దిగనివాళ్ల గది

"వీసా లేదు. దిగడానికి వీల్లేదు. వెళ్లి ఆ గదిలో కూర్చోండి."

ఈ మూడు ముక్కలూ ఆ అమ్మాయి రోజుకి నాలుగైదుసార్లైనా అంటుంది. విన్నవాళ్లు గొణుక్కుంటూ వెళ్లి కూర్చుంటారు. ఆ శనివారం మాత్రం ఒకడు కదల్లేదు. పైగా నవ్వాడు.

"వీసాలు ఎత్తేశారు కదండీ! పేపర్లో వేశారు. ఇదిగో, ఇద్దరు మంత్రులూ చేతులు కలుపుకుని నవ్వుతున్నారు."

"నవ్వితే సరిపోదు."

"కింద సంతకాలు కూడా పెట్టారండీ."

"పెట్టినా సరిపోదు. ఒప్పందం అమల్లోకి రావాలి. మీ దేశం మా దేశానికి ఓ ఉత్తరం రాయాలి, మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారని. మా దేశం మీకు ఇంకో ఉత్తరం రాయాలి. రెండో ఉత్తరం అందాక ముప్పయ్యో రోజు నుంచి వీసా అక్కర్లేదు. ఇప్పటికి మొదటి ఉత్తరమే బయల్దేరలేదు."

అతను నోరెళ్లబెట్టాడు. "దేశాలు ఉత్తరాలు రాసుకుంటాయా? ఈ రోజుల్లో ప్రేమించుకునేవాళ్లే మానేశారు కదండీ!"

వెనక వరసలో నిలబడ్డవాళ్లంతా పకపకా నవ్వారు. ఆమెకి ఒళ్లు మండింది. ఆమె ఉద్యోగం నవ్వులాట కాదు మరి. ఆ లాంచీ నదిలో రెండు దేశాల మధ్య రోజూ అటూ ఇటూ తిరుగుతుంది. గంట ప్రయాణం. ఇవతలి ఒడ్డున ఆమె ఊరు, అవతలి ఒడ్డున అతని ఊరు. రెండు వైపులా ఒకటే మాట, ఒకటే వాన. కాగితాలు మాత్రం వేరు. ఒడ్డు చేరేలోపు ఆమె ప్రతి పాస్‌పోర్టూ తిరగేసి, వీసా ఉంటే ముద్ర గుద్దుతుంది. లేనివాళ్లు కింద డెక్కు మీదున్న చిన్న గదిలో కూర్చుని, దిగకుండానే అదే లాంచీలో వెనక్కి పోవాలి. దాని పేరే దిగనివాళ్ల గది. ఆరు కుర్చీలు, ఒక కిటికీ, గుమ్మం ముందు నేల మీద పసుప్పచ్చ గీత.

లాంచీ మీద అందరూ ఆమెని చాటుగా స్టాంపమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

"సరే, నేను కూర్చుంటానండీ," అన్నాడతను, చంకలోని అట్టపెట్టె ముందుకి జరిపి. "మరి వీటి గతేంటి? పదకొండు జతల కళ్లజోళ్లు. మీ ఊరివాళ్లవే. వీసాలు పెట్టకముందు నుంచీ మా నాన్న దగ్గర చేయించుకునేవాళ్లు. ఇప్పుడు షాపు నాది. రేవులో నా కోసం చూస్తుంటారు."

"నేనేమన్నా కొరియర్నా?"

అని ఊరుకుందామనే అనుకుంది. కానీ లాంచీ రేవుకి తగిలాక చూస్తే, ఊచల కంచె అవతల నిజంగానే పదకొండు మంది ముసలివాళ్లు వరసగా నిలబడున్నారు. ఒకాయన కళ్లజోడుకి ఒక కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. ఇంకొకావిడ ప్రతి ప్రయాణికుణ్ణీ ఆపి "నువ్వేనా బాబూ కళ్లజోళ్లబ్బాయివి?" అని అడుగుతోంది.

ఆమె విసురుగా వెనక్కొచ్చి పెట్టె లాక్కుంది. "ఈ ఒక్కసారికే!"

"థాంక్సండీ. ముక్కు మీద బిగుతుగా ఉంటే చెప్పమనండి, వచ్చే శనివారం సరిచేస్తాను."

"వచ్చే శనివారం కూడా వస్తారా? దిగలేరు కదా!"

"కూర్చోడానికి వీసా అక్కర్లేదుగా?"

అక్కర్లేదు.  ఆ గదిలో కూర్చోడానికే ఒకడు కావాలని రావడం ఆమె సర్వీసులో అదే మొదలు.

అన్నట్టే మరుసటి శనివారం వచ్చాడు. ఆ పై శనివారమూ వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే తిన్నగా వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. లాంచీ రేవులో ఆగే ఆ నలభై నిమిషాలూ ఆమె పెట్టె పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లి, "ఈయనకి ఎడమ చెవి దగ్గర ఒరుసుకుంటోందట, ఈవిడకి జారిపోతోందట" అని ఫిర్యాదులు మోసుకొచ్చేది. అతను బుల్లి స్క్రూడ్రైవరుతో బిగించి ఇచ్చేవాడు. విడ్డూరమేంటంటే, ఊరందరి కళ్లజోళ్లూ సరిచేసే మనిషికి సొంత కళ్లజోడు ముక్కు చివరిదాకా జారిపోతూ ఉండేది. ఆమెకి దాన్ని పైకి తొయ్యాలని చెయ్యి లేచేది. ఛ, అనుకుని రిజిస్టరు గట్టిగా పట్టుకునేది.

ఒక శనివారం కుండపోతగా వాన. ప్రయాణికులందరూ దిగి పరుగెత్తారు. కంచె దగ్గర ఎవరూ లేరు. ఆమె గది గుమ్మంలో నిలబడింది, వాన తగ్గాలని. వానకి తొందరేం లేదు.

"మీకు సాయంత్రాలు తలనొప్పొస్తుంది కదూ?" అన్నాడతను ఉన్నట్టుండి.

"మీలాంటివాళ్లతో మాట్లాడితే పొద్దున్నే వస్తుంది."

"పాస్‌పోర్టు చూసేటప్పుడు కిటికీ వెలుతుర్లోకి వంచుతున్నారు. అక్షరాలు అలుక్కుపోతున్నాయా?"

ఆమె గతుక్కుమంది. ఇంట్లో కూడా ఎవరూ కనిపెట్టని సంగతి అది. మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. మరుసటి వారం నెంబరు రాసిన చీటీ అతని ముందు పెట్టింది, పెద్ద మనసుతో ఉపకారం చేస్తున్నదానిలా.

"జోడు చెయ్యాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలండీ," అంటూ చిన్న స్కేలు తీశాడు. "కదలకండి. ముందు నా ఎడమకన్ను చూడండి."

చూసింది.

"ఇప్పుడు నా కుడికన్ను చూడండి."

చూసింది. అంత దగ్గరగా ఇంకో మనిషి కళ్లలోకి ఆమె ఎప్పుడూ చూడలేదు. గోధుమరంగు కళ్లు. ఫోటోల్లో ముఖాలు పోల్చుకోవడమే వృత్తిగా ఉన్న మనిషికి ఆ కళ్లు ఏ కాగితంలోనూ పట్టవనిపించింది.

"అరవై రెండు మిల్లీమీటర్లు," అన్నాడు. మళ్లీ కొలిచాడు. "అరవై అయిదు." మూడోసారి కొలిచాడు. "అరవై... ఏంటో, పడవ ఊగుతోందండీ."

"పడవ కట్టేసి ఉంది," అంది ఆమె.

ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి. పైనుంచి లాంచీ నడిపే సరంగు బాబాయి కావాలనే గట్టిగా దగ్గాడు.

ఈలోగా దేశాలు కూడా ఊరికే కూర్చోలేదు. అతని దేశం ఉత్తరం రాసేసింది. ఆమె దేశం ఇంకా ఆలోచిస్తోంది. కొత్త కళ్లజోడు వచ్చిన రోజున ఆమె డబ్బా తెరిచి చూస్తే లోపల ఓ చీటీ. "మా దేశం ఉత్తరం ఎలాగూ అందింది. ఇది నాది. నాకు మీరంటే ఇష్టం. మీ వైపు ఆలోచించుకోవడానికి ఎన్నాళ్లైనా తీసుకోండి." కొత్త కళ్లజోడుతో ఆమె చదివిన మొదటి అక్షరాలు అవే. ఎంత స్పష్టంగా కనిపించాయో!

"దేశాల్లా నాకు ఆర్నెల్లు పట్టదు," అంది డబ్బా మూస్తూ. "మా నాన్నతో చెప్తాను."

నాన్న అంటే రేవు వెనక వీధిలో దర్జీ. మెళ్లో టేపు, నోట్లో గుండుసూదులు, ముక్కు మీద కోపం. సూదులు తీసి మరీ అరిచాడు.

"అవతలి ఒడ్డువాడా! నా గుమ్మం తొక్కడానికే దిక్కులేనివాడు నాకు అల్లుడవుతాడా? రేపొద్దున నీకు జ్వరమొస్తే నేను చూడ్డానికి రావాలంటే ఎవడి కాళ్లు పట్టుకోవాలి? ఇక్కడ బొత్తాల షాపాయన కొడుక్కి నిన్నివ్వమని ఏడాది నుంచి అడుగుతున్నారు. రెండు వీధుల అవతల ఇల్లు. పిలిస్తే పలుకుతావు."

"వీసాలు పోతున్నాయి నాన్నా."

"ఎప్పుడు? నా తలపండాకా?"

వచ్చిన చిక్కల్లా అదే. మామూలు వీసా పెట్టుకుంటే మూడు నెలలు, అదీ ఇస్తే. అతను పెట్టుకున్నాడు కూడా. ఉలుకూ పలుకూ లేదు.

సరిగ్గా అప్పుడే, ఓ శుక్రవారం నాడు, ఆమె దేశం రాసిన రెండో ఉత్తరం అవతలి దేశానికి అందిందని వార్త వచ్చింది. ఆమె క్యాలెండరు మీద వేలు పెట్టి గబగబా లెక్కపెట్టింది. ముప్పయ్యో రోజు శనివారం. రెండోసారి లెక్కపెట్టలేదు. సంతోషమొస్తే స్టాంపమ్మ కూడా మనిషే.

"నెల తర్వాత శనివారం అతను మనింటికొస్తాడు నాన్నా. పదిన్నరకల్లా గుమ్మంలో ఉంటాడు."

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "బొత్తాలాయన ఆ మర్నాడు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వస్తానన్నాడు, అటో ఇటో తేల్చమని. సరే. శనివారం పొద్దుగుంకేలోపు ఆ అబ్బాయి నా గుమ్మంలో నిలబడి నన్నడగాలి. అడిగితే వింటాను. రాలేదా, ఆదివారం వాళ్లకి మాటిచ్చేస్తాను. అప్పుడు నువ్వు ఏడవకూడదు, అలగకూడదు."

"ఏడవను. నేనే చెప్తాను సరే అని," అంది ఆమె ధీమాగా. "నా లెక్క తప్పదు నాన్నా."

ఆ శనివారం పొద్దున ఆమె జడ మూడుసార్లు వేసుకుంది. ఆఫీసులో చేతికిచ్చిన కవరు చించకుండానే సంచిలో పడేసింది. లోపలేముందో తెలిసిందే కదా, ఇవాళ్టి నుంచి వీసాలు చూడక్కర్లేదని. అవతలి ఒడ్డున అతను ఎక్కాడు. తెల్లచొక్కా, కొత్తది. చేతిలో పెట్టె లేదు. ఇవాళ గదివైపు పోకుండా దిగే చెక్క దగ్గరే, అందరికంటే ముందు నిలబడ్డాడు.

"మీ నాన్నగారికి కోపమెక్కువా?"

"చాలా."

"నన్ను కొడతారా?"

"సూదులుంటాయి, జాగ్రత్త."

నది నడిమధ్యలో ఆమె రిజిస్టరులో రాసుకుందామని కవరు చించింది. ఒక్కటే పేరా. "ఉత్తరం అందిన రోజును మినహాయించి ముప్పయ్యో రోజు, అనగా ఆదివారం ఉదయం నుంచి..."

 అందిన రోజు లెక్కలోకి రాదు! శుక్రవారం మీద వేలు పెట్టి "ఒకటి" అంది తను. శనివారం మీద పెట్టి అనాలి. వెయ్యిమంది వీసాల్లో తేదీలు చూసింది, ఒక్కనాడూ పొరపాటు పడలేదు. పడక పడక తన పెళ్లి దగ్గరే పడింది.

సరంగు బాబాయి ఆమె మొహం చూసి, కాగితం చూసి, చిన్నగా అన్నాడు. "ఒక్క రోజే కదా తల్లీ. నువ్వు అటు తిరిగి నిలబడు. నేను ఇటు తిరిగి నిలబడతాను. ఎవడు చూడొచ్చాడు?"

 ఒక్క రోజు. ఒక్క ముద్ర. నిన్ననే ఓ తల్లి ఏడుస్తూ అడిగింది, రెండు రోజులే తేడా అమ్మా అని. ఆవిణ్ణి కూర్చోబెట్టింది ఈ చేతులతోనే.

అతని దగ్గరికి వెళ్లి కాగితం చూపించింది. అతను చదివాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఈసారి ఆమె చెయ్యి చాపి పైకి తోసింది.

"నాకు నువ్వు కావాలి," అంది. మొదటిసారి నువ్వు అంది. "ఇవాళ దిగొద్దు. తప్పంతా నాది. దిగితే మాత్రం రేపటి నుంచి నా ముద్రకి నేనే విలువివ్వలేను."

అతను కాగితం మడిచి ఆమె చేతికిచ్చాడు. ఆ తర్వాత ఒక్క మాటా అనకుండా గదిలోకెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ ఒక్క మాటా అనకపోవడానికే ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

రేవులో నాన్న నిలబడున్నాడు. మెళ్లో టేపు తియ్యడం మర్చిపోయినట్టున్నాడు.

"ఏడీ? రాలేదా?"

"వచ్చాడు. దిగడు."

"దిగడా? భయమా?"

"నేనే దిగనివ్వట్లేదు నాన్నా. లెక్క తప్పాను. రేపటి నుంచట."

దర్జీ ఆమెని ఎగాదిగా చూశాడు. "నీ మనిషిని నువ్వే ఆపావా?"

"నేనే."

"వాడేమన్నాడు?"

"ఏమీ అనలేదు. వెళ్లి కూర్చున్నాడు."

 నాన్న గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఆమెకి వెనకనుంచి పిలవాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది? మాటిచ్చింది తను. రేపు ఎనిమిదింటికి బొత్తాలాయన వస్తాడు. మొదటి లాంచీ అవతల నుంచి వచ్చేసరికి పదవుతుంది. ఆ రెండు గంటల్లో తన బతుకు ఇంకెవరిదో అయిపోతుంది. నలభై నిమిషాలూ ఆమె గదివైపు వెళ్లలేకపోయింది.

చెక్క పైకి లాగబోతుండగా కేక వినిపించింది. "ఆపండయ్యా! టికెట్టు కొన్నాను!"

నాన్న! ఆయాసపడుతూ వస్తున్నాడు. లాంచీ అన్నది జన్మలో ఎక్కని మనిషి. అలలు చూస్తేనే కడుపులో తిప్పుతుందనే మనిషి. ఒక చేత్తో టికెట్టు, ఇంకో చేత్తో సరంగు బాబాయి భుజం పట్టుకుని ఎక్కేశాడు.

"నాన్నా, నీకు అవతల వీసా లేదు!"

"దిగితే కదా! దిగనివాళ్లు కూర్చోడానికి గది ఉందిగా? ఎక్కడది?"

ఆమె చెయ్యి చూపించింది. రిజిస్టరు తీసి, అలవాటు కొద్దీ అడిగింది. "పేరు రాశాను. ప్రయాణ కారణం?"

"ఆ గడి ఖాళీగా ఉంచు. ఇంకా తెలీదు."

గదిలోకి ఆయన అడుగుపెట్టగానే అతను దిగ్గున లేచాడు. ఆమె తలుపు పక్కన, పసుప్పచ్చ గీతకి ఇవతల నిలబడి విన్నది. వినకుండా ఎలా ఉంటుంది చెప్పండి!

"ఈ కాలరెవడు కుట్టాడు?" ఇదీ నాన్న మొదటి మాట.

"రెడీమేడండీ."

"తెలుస్తూనే ఉంది."

లాంచీ కదిలింది. నాన్న రెండు చేతులా కుర్చీ పట్టుకున్నాడు. అతను కిటికీ తెరిచి, "దూరంగా ఆ ఒడ్డుని చూడండి, తిప్పదు" అన్నాడు. నాన్న అటే చూస్తూ అడిగాడు.

"దిగేస్తే సరిపోయేదిగా? మా అమ్మాయి ఏం చేసేది? నెట్టేసేదా?"

"నెట్టేది కాదండీ. అందుకే దిగలేదు. ఆ అమ్మాయి ముద్ర మీద మచ్చ పడితే నాకు అల్లరే తప్ప అత్తారిల్లు దక్కదు."

"అత్తారిల్లా! అప్పుడే!" అన్నాడు నాన్న. కానీ గొంతులో ఆ కారం లేదు.

అవతలి ఒడ్డు వచ్చింది. జనం దిగిపోతున్నారు. అతని ఊరు, అతని వీధి కిటికీలోంచి కనపడుతూనే ఉంది. అతను మాత్రం లేవలేదు.

"ఇది మీ ఊరేగా. నువ్వు దిగొచ్చు," అన్నాడు నాన్న.

"మీరు దిగలేరుగా అండీ. ఒక్కర్నీ ఎలా వదిలేసి వెళ్తాను? వెనక్కి మళ్లీ గంట ప్రయాణం. మీకసలే పడదు."

 అతను లేచి, చొక్కా సర్దుకుని, ఆయన ఎదుట నిటారుగా నిలబడ్డాడు. "మీ అమ్మాయిని నాకివ్వండి. నెలకోసారి ఆమెని మీ దగ్గరికి తీసుకురమ్మంటే వారానికోసారి తీసుకొస్తాను. శనివారాలు రావడం నాకెలాగూ అలవాటే."

నాన్న కిటికీలోంచి నీళ్లవంకే చూస్తున్నాడు.  సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డు ఆఫీసరు పైనుంచి కేకేశాడు, దిగనివాళ్ల లిస్టు పంపమని. చేసేదేం లేక ఆమె రిజిస్టరుతో లోపలికెళ్లింది.

"నాన్నా, ఒక గడి ఖాళీగా ఉంది. కారణం లేకపోతే ఆయన ఊరుకోరు."

"రాసుకో," అన్నాడు నాన్న. "అల్లుణ్ణి చూసుకోవడానికి."

ఆమె కలం కదల్లేదు. "నీ గుమ్మంలో నిలబడి అడగాలన్నావుగా?"

"ఉద్యోగం నీదే, గది నీదే. నా కూతురి గది గుమ్మం నాది కాకుండా పోతుందా?" నాన్న తలుపు చట్రం మీద చేత్తో చరిచాడు. "బొత్తాలాయనకి నేను ఫోన్ చేసుకుంటాను. నువ్వు రాయవే, ఆయన అరుస్తున్నాడు."

ఆమె రాసింది. కొత్త కళ్లజోడు పెట్టుకున్నా అక్షరాలు అలుక్కుపోయాయి, అద్దాల మీద నీళ్లు మరి. నాన్న సంతకం పెట్టి, మెళ్లోంచి టేపు లాగాడు.

"ఊరికే నిలబడకు, ఇటు తిరుగు," అన్నాడు అల్లుడితో. "భుజం కొలవాలి. పెళ్లికి ఈ కాలరుతో వస్తే మా వీధిలో నా పరువేం కావాలి?"